సంధిలో దాక్కున్న అత్త

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకే వంటగదిలో, ఒకే ఫ్రిజ్ తలుపు చెరోసారి తీస్తూ బతికితే ఏమవుతుందో ఆ సామెత చెప్పిన వాళ్ళు మర్యాదకి వదిలేశారు. ఈ కథలో కోడలు కంప్యూటర్ ఇంజనీరు. లోకంలో పదిమందిలో ఎనిమిదిమంది ఏ బ్రౌజర్లో ఇంటర్నెట్ చూస్తారో ఆ బ్రౌజర్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. తెలివిగలది. నోరు చిన్నది, కడుపులో మంట పెద్దది. ఆఫీసులో పడ్డ మాటలు ఇంట్లో కక్కే వాళ్ళు కొందరు, ఇంట్లో పడ్డ మాటలు ఆఫీసులో కక్కే వాళ్ళు కొందరు. ఈవిడ రెండో రకం.

అత్తగారు బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళని తడిమి చూసే ఉద్యోగం చేసి రిటైరైంది. షిఫ్టు దిగి ఇంటికెళ్ళే ప్రతి మనిషినీ ఆపి, చంకల కిందా నడుం చుట్టూ జడ ముడిలోనూ చేతులు పెట్టి చూసి, దారపు ఉండ గానీ గుండీ గానీ దొరక్కపోతే "పో" అనేది. మొగుడు పోయాక ఆ చేతులతోనే కొడుకుని పెంచింది. ఉద్యోగం అయిపోయింది గానీ చేతులు ఊరుకోలేదు. వీధి తలుపు పక్కన కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాళ్ళనీ చెప్పుల దగ్గర్నుంచి నెత్తి దాకా ఓసారి చూసి అప్పుడు లోపలికి రానిచ్చేది. కోడలి స్నేహితురాళ్ళు రెండోసారి రావడం మానేశారు. సాయంత్రం కోడలు గుమ్మంలోకి రాగానే "బరువుగా ఉందేంటమ్మాయ్?" అని హ్యాండ్‌బ్యాగు అందుకునేది. టీపాయ్ మీద పెట్టేలోపు అందులో ఏముందో ఆవిడకి తెలిసిపోయేది. కోడలు కూర వండితే మూత తీసి, వాసన చూసి, ఒక్క ముక్క కూడా అనకుండా మళ్ళీ మూత పెట్టేది. తిట్టినా బాగుండేదని కోడలు చాలాసార్లు అనుకుంది.

మధ్యలో కొడుకు ఉన్నాడు. "అమ్మ అంతేలే" అన్న ఒక్క మాటతో పెళ్ళయిన దగ్గర్నుంచీ నెట్టుకొస్తున్నాడు. అతని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇలా ఉండగా కంపెనీకి ఒక బుద్ధి పుట్టింది. ఇక మీదట ఎవరు ఏ పేజీ తెరవబోయినా, ముందు బ్రౌజరే వాళ్ళ కంప్యూటర్ని తడిమి చూస్తుంది. ప్రకటనలు రాకుండా ఏదైనా అడ్డం పెట్టుకున్నారా? కంపెనీకి నచ్చని సరుకేదైనా లోపల వేసుకున్నారా? సొంత తెలివితో ఏదైనా మార్చుకున్నారా? అన్నీ చూసి, ఫలానా మనిషిని నమ్మవచ్చు, రానివ్వండి అని ఆ వెబ్‌సైటుకి చీటీ పంపుతుంది. చీటీ పడకపోతే బ్యాంకు తెరుచుకోదు, పేపరు తెరుచుకోదు, పిల్లల స్కూలు పేజీ కూడా తెరుచుకోదు. ఎందుకు పడలేదో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. దీనికి పెట్టిన పేరు "వినియోగ పర్యావరణ సమగ్రతా ధ్రువీకరణ". ఆ పేరు పలికేలోపు టీ చల్లారిపోయేది.

ఆ తడిమే కోడ్ రాసే పని మన కోడలిది. మొదటి రోజే పేరు మార్చేసింది. కోడ్‌లో దాన్ని "అత్త" అంది. జట్టులో అందరూ తెలుగువాళ్ళే కాబట్టి ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఇక ఊరుకుంటుందా? మన కంప్యూటర్లో కూర్చుని తడిమేది "చిన్నత్త" అయింది. కంపెనీ దగ్గర కూర్చుని ఆఖరి మాట చెప్పేది "పెద్దత్త" అయింది. పక్కన రాసుకునే వివరణలు కూడా అదే వరస: "పెద్దత్త కారణం చెప్పదు." "చిన్నత్తకి అనుమానం వస్తే అదే రుజువు." "పెద్దత్త చచ్చేదాకా ఇది ఆగదు, వేరే దారి చూడు." ఎవరినైనా వెనక్కి పంపినప్పుడు కనిపించే పేజీకి బొమ్మ కావాల్సి వస్తే, ఒకరోజు మెట్ల మీద నుంచి దొంగచాటుగా తీసిన ఫోటో ఉంది ఫోన్లో. అత్తగారు తలుపు పక్కన కుర్చీలో, కళ్ళజోడు ముక్కు మీదకి జారి, ఒక చెయ్యి ముందుకి చాపి. దాని కింద "ఆగు" అని పెద్ద అక్షరాలతో రాసింది. జట్టంతా ఆ ఫోటో చూసి వారం రోజులు నవ్వుకుంది. ఎన్నో ఏళ్ళకి కోడలి కడుపులో మంట కాస్త చల్లబడింది.

ప్రతిపాదనని నమూనా కోడ్‌తో సహా జనం ముందు పెట్టే రోజు వచ్చింది. పై అధికారిని వాళ్ళు చాటుగా ఐసుగడ్డ అంటారు. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచడు, ఎంత సంతోషమొచ్చినా పళ్ళు కనిపించవు. ఆయన కోడలి బల్ల దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఆ అత్తల్ని తీసేసి పెట్టండి."

"ఐదు నిమిషాల పని సార్."

నిజంగానే ఐదు నిమిషాల పని. "అత్త" అన్న మాట ఎక్కడుంటే అక్కడ "ధ్రువీకరణ" పెట్టమని కంప్యూటర్‌కి చెప్పింది. వందల చోట్ల మారింది. మళ్ళీ వెతికితే ఒక్క అత్త కూడా దొరకలేదు. కోడలు తృప్తిగా బటన్ నొక్కేసింది. బళ్ళో తెలుగు మాస్టారు అకార సంధి చెబుతుంటే ఈ పిల్ల వెనక బెంచీలో లెక్కలు చేసుకుంటూ ఉండి ఉంటుంది. "పెద్ద" పక్కకి "అత్త" వచ్చి చేరితే మధ్యలో "అ" ఎగిరిపోతుంది. "పెద్దత్త" అవుతుంది. కంప్యూటర్ వెతికింది "అ"తో మొదలయ్యే అత్తని. సంధిలో దూరిన అత్త దాని కంటికి ఆనలేదు. చిన్నత్తా పెద్దత్తా ఇద్దరూ ఉన్న చోట ఉన్నట్టే, వాళ్ళ పక్కన రాసిన వెటకారాలతో, "పెద్దత్త మొహం" అన్న పేరున్న ఫోటోతో సహా లోకం ముందుకి వెళ్ళిపోయారు.

జనానికి అప్పటికే ఒళ్ళు మండుతోంది. నా కంప్యూటర్‌ని తడమడానికి నువ్వెవరు అని మొదట ప్రోగ్రామర్లు లేచారు. తరువాత చిన్న చిన్న వెబ్‌సైట్లు నడుపుకునే వాళ్ళు, పాత కంప్యూటర్లున్న లైబ్రరీల వాళ్ళు, తెర మీది మాటలు చదివి వినిపించే పరికరంతో పని చేసుకునే చూపు లేనివాళ్ళు లేచారు. పొద్దున్నే ప్రతిపాదన కింద అభ్యంతరాలు కుప్పపడేవి, మధ్యాహ్నానికి కంపెనీ ఆ చోటు మూసేసేది, సాయంత్రానికి జనం ఇంకో చోట మొదలుపెట్టేవారు. అంతదాకా అదొక న్యాయమైన కోపం. కానీ న్యాయమైన కోపానికి మొహం ఉండదు, మొహం లేని కోపం ఎంతో దూరం పోదు. మూడోనాడు ఎవరో కోడ్ తవ్వుతూ పెద్దత్తని బయటికి లాగారు. ఇక చూడండి. గోడల మీద అత్తగారు, టీ షర్టుల మీద అత్తగారు, బస్సు స్టాపుల్లో అత్తగారు. "పెద్దత్తా, దిగిపో!" అన్నది ఊరూరా నినాదమైంది. ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. ఆవిడ బొమ్మకి కళ్ళు పీకి, నిప్పంటించి, చుట్టూ చేరి పాటలు పాడారు.

ఆఫీసు గేటు ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అందరి మొహాలకీ అత్తగారి అట్ట ముసుగులే. లోపలికి వెళ్ళే ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ ఆపి తడుముతున్నారు. కోడలు తల వంచుకుని నడుస్తుంటే నాలుగు అత్తగారి మొహాలు అడ్డం నిలబడ్డాయి.

"ఆగు! బ్యాగు చూపించు!"

"ఏం దాచావ్? మమ్మల్ని చూడనిస్తావా, వెనక్కి పోతావా?"

వాళ్ళలో ఒకడు బ్యాగు లాక్కుని రోడ్డు మీద గుమ్మరించాడు. దువ్వెనా, టిఫిన్ డబ్బా, తలనొప్పి మాత్రలూ దొర్లాయి. అందరూ నవ్వారు. ఏ ముసుగు వెనక ఎవరున్నారో తెలియదు గానీ, చుట్టూ అన్ని అత్తగారి మొహాలు ఒక్కసారి నవ్వడం కోడలు జన్మలో అదే మొదటిసారి చూడటం. అసలు అత్తగారు ఇంట్లో ఎప్పుడూ నవ్వదు.

ఆ సాయంత్రమే అత్తగారు మందుల షాపుకి వెళ్ళి వచ్చింది. మోకాళ్ళ మాత్రల పొట్లం చేతిలో పట్టుకునే ఉంది, కుర్చీలో కూర్చోలేదు.

"అమ్మాయ్, రోడ్డు మీద కుర్రాళ్ళు నన్ను చూసి ఆగు, ఆగు అని అరుస్తున్నారేంటి? గోడ మీద నా బొమ్మ ఉంది. నా బొమ్మ ఎవరేశారు?"

నిజం చెప్పే సందర్భం అదే. కోడలికీ తెలుసు. కానీ నిజం నోటి దాకా వచ్చేసరికి అబద్ధం దాన్ని తోసుకుని ముందు వచ్చేసింది.

"మా కంపెనీ వేసిందత్తయ్యా. కొత్తగా ఒక కాపలా లాంటిది పెడుతున్నాం. దానికి మీ ఫోటో పెట్టమని నేనే ఇచ్చాను. మీరు గేటు దగ్గర అంతకాలం పనిచేశారు కదా, మీకన్నా ఎవరున్నారు?"

"నా ఫోటోనా?"

"మీదే."

"మరి ఆ కుర్రాళ్ళు అరవడం?"

"మిమ్మల్ని గుర్తుపట్టారత్తయ్యా. ఇప్పుడు మీరు అందరికీ తెలుసు."

అత్తగారు అద్దం దగ్గరికి వెళ్ళి, నెరిసిన జుట్టు వెనక్కి దువ్వుకుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడని చూసి జనం మొహం తిప్పుకున్నారు. ఆవిడ చేతులు పడ్డ ఆడవాళ్ళెవరూ ఆవిడతో కలిసి అన్నం తినలేదు. ఆ పూట కూర మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, "బాగుంది" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ కోడలు ఆ మాట కోసమే చూసింది. ఇప్పుడు విని, కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచింది.

మర్నాటి నుంచి అత్తగారు ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుంది. "నా బొమ్మ మా కోడలే పెట్టించింది. నేనంటే దానికి అంత." విన్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒక్కరు కూడా నిజం చెప్పలేదు. జాలితో చెప్పలేదని మీరు అనుకుంటే మీ మంచితనం. ఆవిడ అలా చెబుతుంటే చూడటానికి బాగుంది, అందుకు చెప్పలేదు.

ఎంత పెద్ద కంపెనీ అయినా జనం వేరే బ్రౌజర్లకి మళ్ళిపోతుంటే చూస్తూ కూర్చోదు. వారం తిరిగేసరికి టీవీలో ఐసుగడ్డ కనిపించాడు. అత్తగారు సోఫాలో ముందుకి వంగి కూర్చుంది. తన సంగతి చెబుతారని ఎదురింటావిడని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కోడలు వంటగది గుమ్మంలో నిలబడింది.

"ప్రజల మాటే మాకు శిరోధార్యం. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాం," అన్నాడు ఐసుగడ్డ. "ఆ అసభ్యమైన పేరుకీ, ఆ ఫోటోకీ కంపెనీకి ఏ సంబంధమూ లేదు. మా ఉద్యోగిని ఒకరు తన ఇంటి కక్షలని కోడ్‌లోకి తెచ్చారు. ఆ పెద్దావిడ ఆమె సొంత అత్తగారు. అందుకు సిగ్గుపడుతున్నాం."

ఆ వెంటనే టీవీ అమ్మాయి కోడలు రాసినవన్నీ ఒక్కొక్కటే చదివింది. పెద్దత్త కారణం చెప్పదు. చిన్నత్తకి అనుమానం వస్తే అదే రుజువు. పెద్దత్త చచ్చేదాకా ఇది ఆగదు. చదువుతూ మధ్యలో నవ్వాపుకుంది. ఎదురింటావిడ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని "నేను మళ్ళీ వస్తానండీ" అని లేచింది. వచ్చే మనిషి కాదు, ఆ రాత్రికి వీధంతా చెప్పే మనిషి.

"ఇవన్నీ నువ్వు రాసినవేనా?" అంది అత్తగారు.

"అత్తయ్యా, సరదాకి... అందరం నవ్వుకోవడానికి..."

"చచ్చేదాకా అన్నది కూడా?"

అత్తగారు టీవీ కట్టేసి, రిమోట్ ఉన్న చోట పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయింది. కొడుకు ఇంటికొచ్చి సంగతంతా విన్నాడు. అలవాటు కొద్దీ "అమ్మ అంతేలే" అనబోయి, ఈసారి అంతేలే అనాల్సింది ఎవరినో అర్థం కాక బాత్‌రూంలోకి దూరి చాలాసేపు నీళ్ళు వదిలాడు.

జనం గాలివాటం ఎటుంటే అటు. నిన్న కళ్ళు పీకి కాల్చిన మొహానికి ఇవాళ దండలు వేశారు. "అమ్మా, మమ్మల్ని క్షమించు" అని కొత్త టీ షర్టులు వచ్చాయి. కోడలి పేరు చెప్పండి, మొహం చూపించండి అని ఆఫీసు ముందు మళ్ళీ చేరారు. లోకం రెండు ముక్కలైంది. కోడళ్ళందరూ ఇంతేనని సగం, అత్తలేం తక్కువ తిన్నారని సగం. అందరి ఇళ్ళలోనూ పాత తగువులు పైకి తేలాయి. ఆ సందట్లో అదే బ్రౌజర్ కొత్త వెర్షన్ దిగింది. తడిమే పని అందులో పువ్వులాంటి ఇంకో పేరుతో నిక్షేపంగా ఉంది. కిందనున్న "సరే" అన్న బటన్‌ని అందరూ నొక్కి, మళ్ళీ అత్తాకోడళ్ళ సంగతికి వెళ్ళిపోయారు.

ఐసుగడ్డ కోడలిని గదిలోకి పిలిచాడు.

"మీ పని నాకు నచ్చుతుంది. మీరు ఉండాలనే నా కోరిక. మీ అత్తగారు కెమెరా ముందు నాలుగు మాటలు చెప్తే ఇది సర్దుకుంటుంది."

"చెప్పకపోతే సార్?"

"చెప్తారనే అనుకుంటున్నాను." కిటికీ కర్టెన్ సర్దుతూ అన్నాడు.

మొగుడున్నా కోడలికి ఆ ఉద్యోగం తప్ప వేరే ఆసరా లేదు. పేరు ఇలా బద్నాం అయ్యాక ఇంకే కంపెనీ గుమ్మం ఎక్కనిస్తుంది? ఇంటికొచ్చి అత్తగారి గది ముందు నిలబడింది. పౌరుషం, చదువు, కోపం అన్నీ పక్కన పెట్టి రెండు కాళ్ళూ పట్టుకుంది. ఏడ్చింది. అది నటన కాదు. తప్పు చేశానని అప్పటికి నిజంగానే తెలిసింది. అయితే తెలిసింది అవసరం పడ్డాక, అదొక్కటే చిక్కు.

అత్తగారు కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. చెయ్యి తల మీద వెయ్యనూ లేదు.

"ఏం చెప్పాలో రాసివ్వు. బట్టీపడతాను."

కోడలు రాసిచ్చింది. అత్తగారు బడిపిల్లలా రెండు పూటలు చదువుకుని అప్పజెప్పింది. టీవీ వాళ్ళు వచ్చారు. ప్రత్యక్ష ప్రసారమని హాల్లో దీపాలు పెట్టి, సోఫాలో అత్తగారిని, పక్కన కోడలిని కూర్చోబెట్టారు. బయట చల్లగా ఉందని అత్తగారు పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుంది.

"చెప్పండమ్మా," అన్నాడు విలేకరి.

అత్తగారు ముందు కోడలి వైపు చూసింది. మొదలుపెట్టనా అని అడిగినట్టు చూసింది. కోడలు తల ఊపింది. ఊపకుండా ఉండాల్సింది.

"ఆ ఫోటో నేనే ఇచ్చాను." మళ్ళీ కోడలి వైపు చూసి, కళ్ళు దించుకుంది. "మేమిద్దరం ఇలాగే సరదాగా ఉంటాం." గొంతు ఒణికింది. "మా కోడలు నన్ను కన్నతల్లిలా చూసుకుంటుంది." ఆ మాట అంటూనే స్వెట్టరు చేతిని గబుక్కున మణికట్టు దాకా లాక్కుని, దాని మీద రెండో చెయ్యి పెట్టుకుంది. ఆ మణికట్టు మీద ఏమీ లేదు, దోమ కుట్టిన మచ్చ కూడా లేదు. కెమెరా మాత్రం ఆ చేతి మీదకే వెళ్ళి ఆగింది. "దయచేసి ఆ పిల్లని ఎవరూ ఏమీ అనకండి."

విలేకరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, ఈ ఇంట్లో మీకేమైనా భయంగా ఉందా?"

"నాకేం భయం బాబూ?" అత్తగారు మరోసారి కోడలి వైపు చూసి, చిన్నగా నవ్వింది. "అన్నం పెడుతుంది. రెండు పూటలా పెడుతుంది."

దీపాలు తీశారు, తీగలు చుట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ విలేకరి అత్తగారి రెండు చేతులూ పట్టుకుని, ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోన్ చేయమని చెప్పాడు. కోడలి వైపు చూడలేదు. తలుపు పడ్డాక అత్తగారు స్వెట్టరు విప్పి కుర్చీ మీద వేసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

కోడలి ఫోన్ మోగింది. ఐసుగడ్డ.

"చూశాను. పెద్దావిడ చాలా బాగా మాట్లాడారు. మీరు రేపు రానక్కర్లేదు. బల్ల మీద మీ సామాను ఎవరితోనైనా పంపిస్తాం."

కోడలు ఫోన్ టీపాయ్ మీద పెట్టి, అత్తగారి వైపు తిరిగింది.

"అన్నం పెడుతుందన్న మాట నేను రాయలేదత్తయ్యా."

"నువ్వు రాసినవన్నీ చెప్పాను. ఒక్క ముక్క తప్పలేదు."

"ఆ మాట నేను రాయలేదు."

"అబద్ధమా?"

"కాదు."

"మరి?"

కాలింగ్ బెల్ మోగింది. బయట ఇంకో టీవీ వాళ్ళ బండి ఆగి ఉంది. అత్తగారు స్వెట్టరు మళ్ళీ తొడుక్కుని, రెండు చేతులూ మణికట్టు దాకా లాక్కుని, తలుపు తీయడానికి వెళ్ళింది.